ఓడ మీద నుంచి కొండలు గీయబోతున్న నీకు

చిట్టితల్లీ,

జూన్‌లో అలాస్కా ఓడ ఎక్కుతున్నావనీ, ఈసారి ఫోన్‌తో సరిపెట్టుకోకుండా రంగులు కూడా పట్టుకెళ్తావనీ మీ అమ్మ చెప్పింది. విన్నప్పటి నుంచీ నా మనసు అక్కడే తిరుగుతోంది. ఆరేళ్ల క్రితం మీ అన్నయ్య నన్ను సియాటెల్ నుంచి అదే దారిన తీసుకెళ్ళాడు, ఏడు రాత్రుల ప్రయాణం. ముప్పై ఏళ్లు పిల్లలకు డ్రాయింగు చెప్పినదాన్ని, అయినా మొదటి రెండు రోజులూ ఒక్క పేజీ సరిగా కుదరలేదు. కారణం ముందే తెలిస్తే నీకు ఆ రెండు రోజులూ మిగులుతాయి.

ఒడ్డున కూర్చుంటే కొండ మన కోసం ఆగుతుంది. ఓడ మీద ఆగదు. పాపికొండల లాంచీలోనే ఈ సంగతి నాకు బోధపడి ఉండాల్సింది. ఎడమ కొండ తీరిగ్గా గీసి, తలెత్తి కుడి కొండ వైపు చూసేసరికి మొదటిది వెనక్కి వెళ్ళిపోయింది. కాగితం మీద రెండు కొండలూ పడ్డాయి గానీ, వాటి మధ్య గోదావరికి చోటు లేదు.

అందుకని ముందు ఎక్కడ కూర్చోవాలో చూసుకో. అందరూ ఓడ ముందు భాగానికి పరిగెడతారు. నువ్వు వెనక డెక్ మీదికి వెళ్ళు. పక్కన ఉన్న కొండలు కళ్ళ ముందు నుంచి జారిపోతాయి, వెనక్కి పోయే కొండలు మాత్రం మెల్లగా చిన్నవవుతాయి తప్ప ఆకారం అంత తొందరగా మారదు. పది నిమిషాలు నిలకడగా దొరుకుతాయి. పైగా ఓడ నడుస్తున్నప్పుడు ఎదురుగాలి అక్కడ అంతగా తగలదు.

ఒక పేజీకి ఒకే బొమ్మ అనుకోకు. అగ్గిపెట్టెంత గళ్ళు ఆరు గీసుకో, గడికి మూడు నిమిషాలు. మొదట ఆకాశానికీ కొండకీ మధ్య గీత, ఆ తర్వాత కొండకీ నీళ్ళకీ మధ్య గీత, ఆఖర్న వెలుగు ఎటు నుంచి పడుతోందో చిన్న బాణం. ఈ మూడూ పడ్డాయంటే బొమ్మ చేతికి వచ్చినట్టే. చెట్లు, రాళ్ళు, మంచు చారలు గదిలోకి వెళ్ళాక వేసుకోవచ్చు. ఇప్పటి నుంచే కారులో పక్క సీట్లో కూర్చున్నప్పుడల్లా ఇది సాధన చెయ్యి. డాలస్‌లో కొండలు లేకపోతే మబ్బులు గియ్యి, అవీ ఆగవు.

సామాను తక్కువ పెట్టుకో. అరచేతిలో పట్టే నీటి రంగుల పెట్టె, రెండు కుంచెలు, 2బీ పెన్సిలు, దళసరి కాగితం (300 జీఎస్‌ఎమ్) ఉన్న చిన్న పుస్తకం చాలు. ఆయిల్ రంగుల జోలికి పోకు. టర్పెంటైన్ విమానంలో తీసుకెళ్ళనివ్వరు, పైగా వారం రోజుల్లో ఆ బొమ్మలు ఆరవు. పేజీలు గాలికి రెపరెపలాడకుండా నాలుగు క్లిప్పులు పెట్టు. నా కాగితం ఒకటి ఎగిరి సముద్రంలో పడింది. పోయిన బొమ్మ కంటే, అలాంటి నీళ్ళలో నేను చెత్త వేశానన్న బాధే ఇప్పటికీ ఉంది. కుంచె కడిగిన నీళ్ళు కూడా రైలింగ్ మీంచి పారబొయ్యకు. మూత బిగించే సీసాలో పట్టుకెళ్ళి గదిలో సింకులో పొయ్యి.

వాన తప్పదు. దారిలో వచ్చే అలాస్కా ఊరు కెచికన్‌లో ఏడాదికి 3,500 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది, మన రాజమండ్రి వాన కంటే దాదాపు మూడింతలు. ఆ తేమలో రంగు ఆరదు. ఆరలేదని తొందరపడి రెండో పూత వేస్తే అంతా బురద అవుతుంది. అలాంటప్పుడు పల్చని రంగు పూత ఒక్కటే వేసి, గదిలో హెయిర్ డ్రయర్ పెట్టి ఆరబెట్టు. అయితే ఆ తేమే నీకు పొగమంచును తెచ్చిస్తుంది. కొండ రంగు తడిగా ఉండగానే పాత నూలు చీర ముక్క ఉండచుట్టి, కొండ నడుము దగ్గర మెల్లగా అద్ది తియ్యి. గుడ్డ పీల్చుకున్నంత మేర తెల్లగా తేలి, కొండకు అడ్డంగా మబ్బు నిలుస్తుంది. రుద్దకు, అద్దు. కొత్త గుడ్డ పీల్చదు, బాగా ఉతికి మెత్తబడింది కావాలి.

ఇక గ్లేసియర్ బే, అంటే గ్లేసియర్లనే మంచునదులు దిగే అఖాతం. రోజుకు రెండు పెద్ద ఓడలకు మించి లోపలికి రానివ్వరు కాబట్టి ప్రశాంతంగా ఉంటుంది. 1794లో ఇంగ్లీషు నావికుడు వాంకూవర్ బృందం వచ్చినప్పుడు ఇప్పుడు నువ్వు ఓడలో వెళ్ళే చోటు దాదాపు అంతా మంచే. 1879లో ప్రకృతి పరిశీలకుడు జాన్ మ్యూర్ అక్కడి ఆదివాసులైన ట్లింగిట్ వాళ్ళ పడవలో వచ్చేసరికి ఆ మంచు ముప్పై మైళ్ళకు పైగా వెనక్కి పోయింది. ఆయన కూడా అక్కడ బొమ్మలు గీసుకున్నాడు. 1899లో రైల్వేల యజమాని హారిమన్ బృందం వచ్చినప్పుడు ఓడలో కెమెరాలున్నా ముగ్గురు చిత్రకారుల్ని వెంట తెచ్చుకున్నారు, ఆ రోజుల్లో ఫోటోకు రంగు లేదు కనుక. నువ్వు గీసే ప్రతి పేజీ మీదా తారీఖు, టైము తప్పక రాయి. నువ్వు చూసిన మంచు అంచు మళ్ళీ అదే చోట ఉండదు.

మంచును నీలంగా వేసేయడం అందరూ చేసే పొరపాటు, నేనూ చేశాను. దగ్గరికి వెళ్ళి చూస్తే ఎక్కువ భాగం మాసిన తెలుపు, బూడిద రంగు, అక్కడక్కడ రాతి మట్టి చారలు. నీలం పగుళ్ళలో మాత్రమే ఉంటుంది. వేల ఏళ్ళు కాదు గానీ ఏళ్ల తరబడి పడిన మంచు ఒకదాని మీద ఒకటి నొక్కుకుపోయి, లోపలి గాలి బుడగలు పోయి గట్టిపడుతుంది. అది వెలుగులోని ఎరుపును మింగేసి నీలాన్ని వదులుతుంది. ఆ నీలం ఎలా ఉంటుందంటే, చిన్నప్పుడు తాతయ్య పొలానికి కలిపే మైలుతుత్తం గుర్తుందా, అచ్చం అది. అందుకని కాగితం తెలుపును తెలుపుగానే వదిలి, పగుళ్ళలో కుంచె మొనతో నాలుగైదు చోట్ల మాత్రం ఆ రంగు పెట్టు. నీళ్ళేమో బియ్యం కడిగిన నీళ్ళలో ఒక్క చుక్క ఆకుపచ్చ కలిపినట్టుంటాయి. మంచు రాతిని రుబ్బిన పిండి అందులో తేలుతూ ఉంటుంది మరి.

మార్జరీ గ్లేసియర్ ముందు ఓడ నిలిచి, అందరికీ కనపడేలా మెల్లగా తిరుగుతుంది. నీటి పైన దాని గోడ సుమారు 250 అడుగులు, వెడల్పు మైలు. కానీ ఓడ దూరంగా ఉంటుంది కాబట్టి కంటికి చిన్నదిగా కనిపిస్తుంది. దాని పాదం దగ్గర ఎగిరే పక్షినో, ఎదుట ఉన్న పడవనో ఒక చుక్కగా పెట్టావంటే బొమ్మలో దాని ఎత్తు వచ్చేస్తుంది. మంచు పెళ్ళలు విరిగిపడేటప్పుడు మాత్రం పెన్సిలు కింద పెట్టెయ్యి. ముందు నీళ్ళు లేవడం కనపడుతుంది, చప్పుడు తర్వాత వచ్చి చేరుతుంది. ఆ రెండింటి మధ్య నిశ్శబ్దాన్ని తలదించుకుని కాగితం చూస్తూ పోగొట్టుకోకు.

ఆ అఖాతం హూనా ట్లింగిట్ వాళ్ళ సొంత గడ్డ. వాంకూవర్ కంటే ముందే, మంచు ముందుకు వచ్చినప్పుడు ఊళ్ళు వదిలి పోయినవాళ్ళు. ఓడ మీదికి వాళ్ళ మనిషి వచ్చి మాట్లాడితే కూర్చుని విను. వాళ్ళు నిలబెట్టే చెక్క స్తంభాల మీద చెక్కిన గుర్తులు ఆయా వంశాల సొత్తు. వాటిని తెచ్చి నీ బొమ్మల్లో అలంకారంగా పెట్టుకోవద్దు.

ఫోటోలు తీసుకో, తప్పేం లేదు. కానీ గీశాకే తియ్యి. ముందు ఫోటో తీస్తే, ఎలాగూ ఉందిలే అని చెయ్యి బద్ధకిస్తుంది. గడి పక్కన తెలుగులో రెండు ముక్కలు రాసుకో: "కొండ తడి ఇటుక రంగు", "మబ్బు కింద పసుపు". ఫోన్ పట్టుకోలేని రంగులు అవే.

మీ అమ్మ వచ్చే నెల వస్తోంది కదా, తన పెట్టెలో నా పాత రంగుల డబ్బా పెట్టి పంపుతున్నాను. మూత లోపలి గీతలు తుడవకు, ఏ రెండు రంగులు కలిపితే ఏం వస్తుందో అక్కడ రాసి పెట్టాను. అందులో ఆ పగుళ్ళ నీలం నిండుకుంది, అదొక్కటి కొనుక్కో.

మీ పెద్దమ్మ