క్రెడిట్లు అయిపోతే అబ్బాయి చెయ్యి ఆగిపోకూడదు

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ అయ్యాక ఫొటో ఎడిటింగే చేస్తానని పట్టుబట్టాడు. ఫొటోషాప్‌కి నెలనెలా కడుతున్నాం. ఇప్పుడు ఏఐ వాడకానికి నెలనెలా ఇచ్చే క్రెడిట్లు అయిపోయాయి, ఇంకా కొనాలంటున్నాడు. కొనివ్వాలా, ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుందా? ద్వారకానగర్‌లో ఏదో ఏఐ ఎడిటింగ్ కోర్సు ఉందట, చేర్పించమంటారా? పక్కింటి అబ్బాయి ఇంజినీరింగ్‌లో చేరాడు. వీడు కంప్యూటర్ ముందు కూర్చుని కాలం వృథా చేస్తున్నాడు. ఏఐ వచ్చాక అసలీ పని ఉంటుందా? – ఒక తండ్రి, గాజువాక

జవాబు: మీరు చివర రాసిందే మీ అసలు భయం. ఈ మధ్య చాలామంది తల్లిదండ్రులు ఇదే అడుగుతున్నారు. పని ఉంటుంది. బ్యాక్‌గ్రౌండ్ కత్తిరించడం, మొటిమలు తుడవడం లాంటి పనికి ఇక పెద్దగా డబ్బు రాదు, అది నిజమే. కానీ పెళ్లి ఆల్బమ్ చేతికొచ్చాక పెళ్లికూతురి తల్లి ముందు చూసేది ముఖం, చీర, నగలు. అక్కడే ఏఐ తప్పుచేస్తుంది.

కాసులపేరు మీద పడిన చున్నీ అంచును జనరేటివ్ ఫిల్‌తో, అంటే ఎంచుకున్న చోటును ఏఐ తనంతట గీసి నింపే ఫొటోషాప్ సౌకర్యంతో, తీసేయించి చూడండి. ఫొటో అందంగానే వస్తుంది. దగ్గరికి లాగి చూస్తే రెండు కాసులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి, లక్ష్మీదేవి రూపు చెరిగి గీతలైపోతుంది. జరీ అంచులో మామిడిపిందె డిజైన్ సగంలో మారిపోతుంది. కింద ఏముందో దానికి తెలియదు, ఉండొచ్చనుకున్నది గీస్తుంది. ఆ తేడా పట్టుకునే కన్ను, చేత్తో సరిచేసే ఓపిక ఉన్నవాడికే జీతం.

ఇక క్రెడిట్ల సంగతి. 2023లో ఫొటోషాప్‌లోకి జనరేటివ్ ఫిల్ వచ్చింది. జనరేట్ నొక్కిన ప్రతిసారీ క్రెడిట్ తగ్గుతుంది, వచ్చింది నచ్చినా నచ్చకపోయినా. కొన్ని ఏఐ మోడళ్లయితే ఒక్క నొక్కుకే చాలా క్రెడిట్లు తీసుకుంటాయి. నెలవారీ కోటాలో మిగిలినవి వచ్చే నెలకి కలవవు. నేర్చుకునే పిల్లాడు 'ఈసారి బాగా వస్తుందేమో' అని ఒకే ఫొటో మీద ఇరవైసార్లు నొక్కుతాడు. మీ డబ్బు పోయేది అక్కడే. పైగా ఆ ఇరవై నొక్కుల్లో వాడు నేర్చుకున్నదేమీ ఉండదు.

కాబట్టి నేర్చుకోవడానికి క్రెడిట్లు కొనకండి. సెలెక్ట్ సబ్జెక్ట్, కంటెంట్-అవేర్ ఫిల్, క్లోన్ స్టాంప్, హీలింగ్ బ్రష్ – బొమ్మను ఎంచుకోవడానికి, పక్క చోటు నుంచి తెచ్చి పూయడానికి వాడే ఈ పనిముట్లకి క్రెడిట్ పడదు. రిమూవ్ టూల్‌లోనూ జనరేటివ్ ఏఐని ఆఫ్ చేసి వాడొచ్చు. ఆర్కే బీచ్‌లో తీసిన ప్రీ-వెడ్డింగ్ ఫొటో ఒకటి ఇచ్చి, వెనకున్న ముంత మసాలా బండిని వీటితోనే తీసేయమనండి. పైన ఖాళీ లేయర్ (ఫొటో మీద పరిచే పారదర్శక పొర) పెట్టుకోవాలి, శాంపిల్ (నమూనా ఏ పొరల నుంచి తీసుకోవాలో చెప్పే సెట్టింగ్) 'కరెంట్ అండ్ బిలో'లో ఉండాలి. ముందు సముద్రం, ఆకాశం కలిసే గీత సరిచేసి, తర్వాత అల, చివర ఇసుక. నమూనా తీసుకునే చోటు మార్చకుండా రుద్దితే ఒకే నురగ మూడుచోట్ల కనిపిస్తుంది. బ్రష్ అంచు మరీ మెత్తగా ఉంటే ఇసుక రేణువులు మసకబారతాయి. ఇలాంటివి పాతిక ఫొటోలు చేశాక క్రెడిట్ ఎక్కడ వాడాలో వాడికే తెలుస్తుంది.

ప్రింటు లెక్క కూడా నేర్పించండి. 12×36 అంగుళాల ఆల్బమ్ షీటు 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, 3600×10800 పిక్సెళ్లు. మొదట్లో జనరేటివ్ ఫిల్ గీసిచ్చేది 1024 పిక్సెళ్ల ముక్కే, అంటే కాగితం మీద మూడున్నర అంగుళాలలోపు. అంతకన్నా పెద్ద చోటు ఎంచుకుంటే దాన్నే సాగదీసేది. మోడల్ మారినా ఈ పరీక్ష మానకూడదు: నింపిన చోటును వంద శాతం జూమ్‌లో చూసి, పక్క భాగంతో పోల్చాలి. ఫోన్‌లో మెరిసిన ఫొటో ల్యాబ్ నుంచి మసగ్గా వచ్చేది ఇందుకే.

ఆ కోర్సు మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. మూడు నెలలు ప్రాంప్టులు, అంటే ఏఐకి రాసిచ్చే ఆదేశాలు నేర్పితే, తర్వాతి వెర్షన్‌లో బటన్ మారగానే ఆ చదువు అయిపోయినట్టే. డబ్బు కట్టేముందు పాత విద్యార్థుల పని చూపించమని అడగండి. జేపెగ్‌లు వద్దు, చేసిన పని పొరపొరగా కనిపించే, లేయర్లున్న పీఎస్‌డీ (ఫొటోషాప్ సొంత) ఫైళ్లు తెరిపించండి. చూపించలేకపోతే తిరిగి వచ్చేయండి. డిగ్రీ కావాలంటే ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది, అబ్బాయిని తీసుకెళ్లి చూసి రండి.

ఒక మాట కటువుగానే చెబుతాను. పక్కింటి అబ్బాయి గురించి రాశారు గానీ, మీవాడు చేసిన ఒక్క ఫొటో గురించి కూడా రాయలేదు. అసలు చూశారా? వాడు ఏం చేస్తున్నాడో చూడకుండా కాలం వృథా అనడం అన్యాయం. ఈ ఆదివారం పక్కన కూర్చుని, ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉందో చూపించమనండి.

ఉచితమా, డబ్బు కట్టేదా అంటే, నేర్చుకోవడానికి జింప్ అనే ఉచిత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ చాలు. అలాంటిదే అఫినిటీ కూడా 2025 అక్టోబరు నుంచి ఉచితమే, ఏఐ సౌకర్యాలకు మాత్రం కట్టాలి. అయితే స్టూడియోల్లో ఎక్కువగా నడిచేది ఫొటోషాపే కాబట్టి, మీకు భారం కాకపోతే ఉన్న ప్లాన్ ఉంచండి. అది నెలనెలా కట్టే ఏడాది ప్లాన్ అయితే కోపంతో మధ్యలో ఆపకండి. మొదటి 14 రోజులు దాటాక ఆపితే మిగిలిన నెలల సొమ్ములో సగం కట్టించుకుంటారు. గడువు తేదీ రాసిపెట్టుకుని అప్పుడు తేల్చుకోండి. అదనపు క్రెడిట్లు మాత్రం వాడికి మొదటి ఆర్డర్ వచ్చినప్పుడే, ఆ ఖర్చు కస్టమర్ బిల్లులో కలుపుకుని కొనమనండి.