దెయ్యం కనిపించదు, అయినా భయమేస్తుంది

దెయ్యాలు, చేతబడులు లేకుండా నిజంగా భయపెట్టిన సినిమా ఏదైనా ఉందా అని అడిగారు. నాకు ఒకటే గుర్తొస్తుంది: 1978 నాటి ఆస్ట్రేలియా సినిమా ‘లాంగ్ వీకెండ్’. దర్శకుడు కోలిన్ ఎగల్‌స్టన్, రచన ఎవరెట్ డి రోష్. 2008లో మళ్ళీ తీశారు కానీ పాతదే చూడండి.

కథ చిన్నది. పీటర్, మార్షా భార్యాభర్తలు, ఒకరి పొడ ఒకరికి గిట్టదు. సెలవులకని మనుషులు రాని సముద్రతీరంలో గుడారం వేస్తారు. ఆవిడ హోటల్‌కు వెళదామంటుంది, ఆయన వినడు. దారిలోనే కారు కింద ఒక కంగారూ పడుతుంది. కాలుతున్న సిగరెట్టు కిటికీలోంచి విసిరేస్తాడు. ఊరికే ఒక చెట్టు నరుకుతాడు. ఆవిడ కోపం పట్టలేక గద్ద గుడ్డును పగలగొడుతుంది. నీళ్ళలో ఏదో నల్లగా కదిలితే ఆయన తుపాకీ పేలుస్తాడు. అది డుగాంగ్, నీటి అడుగున గడ్డి మేసే సముద్రపు ఆవు. దాని కళేబరం ఒడ్డుకు కొట్టుకొస్తుంది. ఆ తర్వాత అది గుడారానికి దగ్గరవుతూ ఉంటుంది. ఎలా జరుగుతోందో సినిమా చెప్పదు.

ఇద్దరూ దుర్మార్గులేమీ కారు. వాళ్ళ గొడవలో వాళ్ళున్నారు, పక్కన ఏం చస్తోందో చూసే తీరిక లేదు. నన్ను భయపెట్టింది అదే, ఎందుకంటే ఆ పని మేమూ చేశాం.

మాది ఒడిశాలోని బరంపురం. పెళ్ళయిన మూడో ఏడు, ఏప్రిల్‌లో, నేను తమ్ముడికిచ్చిన అప్పు దగ్గర మొదలై వారం రోజులుగా ఇంట్లో మాటల్లేవు. గోపాల్‌పూర్ వెళ్ళిరండని మా అత్తగారు పంపారు. అక్కడ జనాన్ని చూసి చిరాకేసి, రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి పోదామన్నాను. చీకటి పడుతోంది, వద్దంది మా ఆవిడ. నేను వినలేదు. (అవును, అచ్చం పీటరే.)

బండి ఇసుకలో దిగబడింది. తప్పెవరిదని మొదలుపెట్టి, పాత లెక్కలన్నీ తీశాం. హెడ్‌లైటు వెలుగుతూనే ఉంది. మా అరుపులకు ఒక ముసలి జాలరి పరుగెత్తుకొచ్చాడు. తెలుగాయనే, ఆ తీరం పొడుగునా మన జాలరి పల్లెలున్నాయి.

“బాబూ, ముందు ఆ లైటు ఆర్పండి. తర్వాత కొట్టుకోండి.”

కిందికి చూశాం. ముందు చక్రం చుట్టూ ఆలివ్ రిడ్లీ తాబేలు పిల్లలు, అరచేతిలో సగం కూడా లేవు. ఇసుకలో పెట్టిన గుడ్లు దాదాపు యాభై రోజులకు పగులుతాయి. పిల్లలు రాత్రిపూట పైకొచ్చి, వెలుతురున్న వైపే సముద్రం అనుకుని పాకుతాయి. ఆ రాత్రి వాటి సముద్రం మా బండి. అలల చప్పుడును వెనక వదిలేసి, బుల్లి కాళ్ళతో ఇసుకను తోసుకుంటూ మా చెప్పుల మీదికి ఎక్కుతున్నాయి.

ముసలాయన బుట్ట ఇచ్చాడు. ఇద్దరం వంగి, ఒక్కొక్కటే ఏరి, నీటి అంచున వదిలాం. వెనక్కి వచ్చాక బండిని తనే ముందుకు తోయించాడు, ఇసుకను కాలితో సర్దాడు. మమ్మల్ని ఇంకేమీ అనలేదు.

సినిమా ఏడాది తర్వాత చూశాం. కళేబరం జరిగిన చోట మా ఆవిడ ఆపమంది. “ఆ రోజు చక్రం కింద ఏమైనా ఉన్నాయా? మీరు చూశారా?” అని అడిగింది.

చూడలేదన్నాను. చూశాను. మూడు.