వైద్య సెలవు తర్వాత అదే ఉద్యోగం ఇవ్వాలా?

అమెరికాలో శస్త్రచికిత్స కోసం పది వారాలు సెలవు పెట్టిన ఉద్యోగి అడుగుతున్నారు: తన స్థానంలో మరొకరిని తీసుకున్నారట, తిరిగి వెళ్తే పరిస్థితి ఏమిటి?

ఆ సెలవు 1993 నాటి కుటుంబ, వైద్య సెలవుల చట్టం (ఎఫ్‌ఎమ్‌ఎల్‌ఏ) కిందికి వస్తే మీకు చోటివ్వాల్సిందే. కొత్త మనిషిని తీసుకున్నామన్న సాకు చెల్లదు. అయితే సరిగ్గా అదే కుర్చీ ఇవ్వాలని చట్టం అనలేదు, దానికి సమానమైనదైనా చాలు. తగాదాలన్నీ ఈ 'సమానం' దగ్గరే మొదలవుతాయి. జీతం, బీమా వంటి సదుపాయాలు ఒకటే అయితే సరిపోదు. బాధ్యతలు, అధికారం, హోదా దాదాపు మారకూడదు. పగటి షిఫ్టు నుంచి రాత్రి షిఫ్టుకు మార్చడం, దూరపు శాఖకు పంపడం సాధారణంగా సమానం కాదు. జీతం తగ్గించకుండా, కింద పనిచేసేవారిని తీసేసి ఉత్త పేరు మిగిల్చినా అంతే.

అర్హతలు ముందే చూసుకోండి: ఆ సంస్థలో కనీసం 12 నెలల ఉద్యోగం, సెలవుకు ముందు ఏడాదిలో 1,250 గంటల పని. ప్రైవేటు సంస్థయితే మీరు పనిచేసే చోటికి 75 మైళ్ల లోపు దానికి 50 మంది ఉద్యోగులుండాలి. ఈ రక్షణ సాధారణంగా ఏడాదికి 12 వారాలే. జీతం ఇవ్వాలన్న నియమం లేదు.

సెలవు పెట్టకపోయినా పోయే ఉద్యోగాన్ని మాత్రం ఈ చట్టం కాపాడదు. మీ విభాగం మొత్తాన్నీ మూసేశారనుకోండి, సెలవులో ఉన్నంత మాత్రాన ఉద్యోగం నిలవదు. కానీ అలా జరిగేదని నిరూపించాల్సింది యజమానే.

సంస్థ మొండికేస్తే కార్మిక శాఖలోని వేతన, పనిగంటల విభాగానికి ఫిర్యాదు చేయవచ్చు. కోర్టుకు వెళ్లడానికి గడువు సాధారణంగా రెండేళ్లు.