పాత ఇస్త్రీ పెట్టె లోపలి వైరుకు మామూలు టేపు చుట్టొచ్చా?

చుట్టకూడదు, ఇస్త్రీ పెట్టె లోపల వేడి తగిలే చోట పీవీసీ (ఒక రకం ప్లాస్టిక్, మామూలు టేపు దీంతోనే చేస్తారు) టేపు గానీ పీవీసీ వైరు గానీ పనికిరాదు, టెఫ్లాన్ వైరో, ఫైబర్‌గ్లాస్ స్లీవ్ తొడిగిన వైరో వేయాలి. కారణం వేడే. మామూలు పీవీసీ వైరు 70 డిగ్రీల సెల్సియస్ దాకానే తట్టుకుంటుంది, అది దాటితే మెత్తబడి తీగ మీంచి జారుతుంది, పైగా మెత్తదనం కోసం అందులో కలిపిన పదార్థం మెల్లగా ఆవిరైపోయి కొన్నాళ్లకు పెళుసుగా మారి పగుళ్లిస్తుంది. సిలికాన్ రబ్బరు 180 దాకా, టెఫ్లాన్ 260 దాకా ఆగుతాయి.

కాటన్ బట్టలకు పెట్టినప్పుడు అడుగు రేకు 200 డిగ్రీల దగ్గరికి వెళ్తుంది. థర్మోస్టాట్ (వేడిని అదుపు చేసే స్విచ్చి) పక్కన వైరు అతుకు మీద చుట్టిన టేపు జిగురు కారి ఊడిపోతుంది, బయటపడ్డ రాగి తీగ రేకుకు తగులుతుంది, ఇక రెండు పిన్నుల ప్లగ్గు అయితే (చాలా పాతవాటికి అదే ఉంటుంది) ఎర్త్ ఉండదు, ముట్టుకున్నవాళ్లకి షాకే.

చాలామంది పొరబడేది ఎక్కడంటే, టేపు మీద 600 వోల్టులు అని ఉంది కదా, మన ఇంట్లో 230 వోల్టులేగా అనుకుంటారు. ఆ అంకె వోల్టేజీకి సంబంధించింది, ఎంత వేడికి ఆగుతుందో దాన్నిబట్టి తెలియదు.