జల్లెడ పట్టండి, ముందు పేర్లు సరిగ్గా రాయండి

అమెరికాలో వచ్చే సరిహద్దు భద్రత బిల్లులు ప్రయాణికులకు తీవ్రవాదులతో సంబంధాలున్నాయేమో ముందే జల్లెడ పట్టాలంటున్నాయి కదా, మన దగ్గర కూడా అలాంటి చట్టం ఇంకా గట్టిగా తేవాలా అని అడిగారు.

గట్టి చట్టాలకు మనకేం కొదవ లేదు. బ్రిటిష్ వాళ్ల నాటివి కలిపి నాలుగు పాత చట్టాల్ని తీసేసి, 2025లో విదేశీయుల రాకపోకల చట్టం ఒకటి తెచ్చారు. సరైన పాస్‌పోర్టు, వీసా లేకుండా వస్తే 5 ఏళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. సరే, బాగుంది. నా గొడవ శిక్షలతో కాదు, అనుమానితుల జాబితాలతో.

మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ. గోదావరి దాటితే కాళేశ్వరం, చుట్టాల్లో సగం మంది అవతలి ఒడ్డునే. 1980లో పీపుల్స్ వార్ దళాలు ఇటు వచ్చినప్పటి నుంచి, తెలుగు మాట్లాడే కొత్త మనిషి కనిపిస్తే ఇక్కడ ఎగాదిగా చూడటం మామూలే. చూడనివ్వండి.

2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలు వచ్చాయి. మా బామ్మర్ది వాళ్ల నాన్నకు పిండం పెడదామని మంథని వైపు నుంచి బండి మీద బయల్దేరాడు. ఇటువైపు పోలీసు చెక్‌పోస్టు దగ్గర ఆపారు. వాడి ఆధార్‌లో ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. మహారాష్ట్రలో ముందు పేరు, మధ్యలో తండ్రి పేరు, చివర ఇంటిపేరు. కార్డు తీసుకున్నాయన తన లెక్కలో చదువుకున్నాడు. అలా తిరగేస్తే వచ్చిన పేరు, ఆయన ఫోన్లో ఉన్న జాబితాలో ఎవరి పేరుకో దగ్గరగా ఉందట.

"పూర్ణ నావ్ సాంగా" (పూర్తి పేరు చెప్పండి) అని ఆయన, "మా దగ్గర ఇంటిపేరు ముందుంటది సార్" అని వీడు. వీడికి మరాఠీ రాదు, ఆయనకు తెలుగు రాదు. సంచిలో నువ్వులు, బియ్యప్పిండి పొట్లాలు. ఈ పిండి ఏంటని ఇంకో టెన్షన్. నాకు ఫోన్ వచ్చేసరికి వాణ్ణి ఎండలో నిలబెట్టి ఉంచారు. నేను వెళ్లి పెళ్లి ఫోటోలు కూడా చూపించాను, ఎవరూ వినలేదు. చివరికి డ్యూటీ మారి వచ్చిన హోంగార్డు మా ఊరివాడు కాబట్టి సరిపోయింది. "ఈయన ఫలానా ఇంటి కోడలి తమ్ముడు" అని ఒక్క మాట చెబితే వదిలేశారు. అప్పటికి పంతులుగారు భోజనానికి వెళ్లిపోయారు.

కార్డులో పేరు వరస మార్పించుకోరా అన్నాను. వాడి పదో తరగతి సర్టిఫికెట్, పాన్, బ్యాంకు పాసుబుక్కు, పొలం పాసుబుక్కు అన్నీ ఇంటిపేరు ముందే. ఒకటి మారిస్తే మిగతావన్నీ తప్పయిపోతాయి. ఇటు మా గతి ఇంకోటి. పెద్ద పనేదైనా పడితే జిల్లా కేంద్రానికి సుమారు 200 కిలోమీటర్లు పోవాలి. అల్లాపల్లి దాకా ఆ రోడ్డు మీద వర్షాకాలంలో ప్రయాణం చేసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇదేదో అడవి జిల్లా గొడవ అనుకోకండి. 2009 క్రిస్మస్ నాడు డెట్రాయిట్ వెళ్లే విమానంలో బాంబు పేల్చబోయిన ఉమర్ ఫారూక్ అబ్దుల్‌ముతల్లబ్ సంగతి చూడండి. కొడుకు తేడాగా ఉన్నాడని కన్నతండ్రే నైజీరియాలోని అమెరికా ఎంబసీకి వెళ్లి చెప్పాడు. అక్కడ పేరు స్పెల్లింగ్ తప్పు కొట్టి వెతికారు, వాడి దగ్గర వీసా ఉన్న సంగతే కనపడలేదు. అదే అమెరికాలో సెనేటర్ టెడ్ కెన్నడీని మాత్రం "టి. కెన్నడీ" అనే మారుపేరు జాబితాలో ఉందని విమానాశ్రయాల్లో పదేపదే ఆపారు. ఆయన 2004లో సెనేట్ విచారణలోనే ఆ గోడు వెళ్లబోసుకున్నాడు. దొరకాల్సినవాడు స్పెల్లింగ్ చాటున తప్పించుకున్నాడు, దేశమంతా ఎరిగిన మనిషేమో ఇరుక్కున్నాడు. మరి మా బామ్మర్ది లాంటివాడి సంగతేంటి?

కాబట్టి ఎవరైనా కొత్త బిల్లు తెస్తే నేను అందులో శిక్ష ఎన్నేళ్లో చూడను. పేరు తప్పు కలిసినవాడు ఎవరికి చెప్పుకోవాలి, ఎన్ని రోజుల్లో తేలుస్తారు, ఇంకోసారి ఆపకుండా చేతికేమిస్తారు అన్నది చూస్తాను. అమెరికా వాళ్లు కనీసం 2007లో దీనికొక ఏర్పాటు చేశారు. ఫిర్యాదు చేసుకుంటే ఒక నంబరు ఇస్తారు, టికెట్ కొనేటప్పుడు అది రాసుకోవచ్చు. మాకూ అలాంటిదొకటి ఇస్తే మా బామ్మర్ది దాన్ని బండి నంబరు ప్లేటు కిందే రాయించుకునేలా ఉన్నాడు.