అవతలి క్లబ్బు అమ్మాయి

ప్రశ్న: మేమిద్దరం బ్యాడ్మింటన్ మిక్స్‌డ్ డబుల్స్ ఆడతాం, వేర్వేరు క్లబ్బుల తరఫున. నెట్‌కి అటూ ఇటూ ప్రత్యర్థులం. 3 ఏళ్లుగా ప్రేమించుకుంటున్న సంగతి ఎవరికీ తెలియదు. 12 రోజుల క్రితం బైక్ ప్రమాదంలో అతని తొడ ఎముక విరిగితే రాడ్ వేశారు. తలకూ దెబ్బ తగిలింది. ఐసీయూ నుంచి వార్డుకు మార్చారు. వాళ్లక్క నన్ను 'అవతలి క్లబ్బు అమ్మాయి' అంటూ గుమ్మం దగ్గరే పంపించేస్తోంది. ఒక్కసారి లోపలికి వెళ్తే, 'ఇక రావద్దు' అని అతనే కసిరాడు. 5 వారాల్లో ఛాంపియన్‌షిప్ ఉంది. వాళ్లింట్లో చెప్పేయాలా? టోర్నీ మానుకోవాలా?

జవాబు: ముందు ఆ 'రావద్దు' సంగతి చూద్దాం. మీరు అడిగిన రెండూ దాని వెంటే వచ్చాయి. తలకు దెబ్బ తగిలిన తొలి వారాల్లో చిరాకు, వెలుతురూ చప్పుడూ భరించలేకపోవడం, నిద్ర తలకిందులవడం, మాట్లాడుతూ మాట్లాడుతూ విషయం మరిచిపోవడం మామూలే. తేలికపాటి దెబ్బయితే చాలామందికి ఇవి నెలలోపు సర్దుకుంటాయి. దెబ్బ పెద్దదైతే నెలలు పట్టవచ్చు. దానికి తోడు, మొన్నటిదాకా కోర్టంతా తిరిగిన మనిషి ఇప్పుడు పక్కకు ఒత్తిగిలడానికి కూడా సాయం అడగాలి. అతని కళ్లకు మీరు తను ప్రేమించిన అమ్మాయే కాదు, రేపు రాకెట్ పట్టుకుని కోర్టులో దిగబోయే క్రీడాకారిణి కూడా. కాబట్టి ఆ ఒక్క మాటతో అంతా అయిపోయిందనుకోకండి. అలాగని కొట్టిపారేయనూ వద్దు. నొప్పి మందు మత్తు తక్కువగా ఉండే వేళ ఏదో నర్సును కనుక్కుని, రెండు వేర్వేరు రోజుల్లో 'నన్ను రమ్మంటావా?' అని అడగండి. రెండుసార్లూ వద్దంటే ప్రస్తుతానికి అదే అతని జవాబు, ఆగండి.

వెళ్లినప్పుడు 15 నిమిషాలు దాటనివ్వకండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టి, ఒక్క విషయమే మాట్లాడండి. 'వచ్చే సీజన్‌కల్లా ఆడేస్తావు' అని మాత్రం అనకండి. రాడ్ వేసిన తొడ ఎముక అతకడానికే సాధారణంగా 3 నుంచి 6 నెలలు. ఆ తర్వాత తొడ కండ బలం, ఎగిరి దిగడం, ఒక కాలు ముందుకు చాచి వంగడం అన్నీ మొదటి నుంచి నేర్చుకోవాలి. విరిగిన కాలి బలం రెండో కాలితో పోలిస్తే 90 శాతానికైనా రాకుండా ఫిజియోలు మామూలుగా పోటీకి పంపరు. ఈ లెక్కలు తెలిసిన ఆటగాడి దగ్గర ఉత్తుత్తి ఊరడింపు నిలవదు. 'రాత్రి నిద్ర పట్టిందా?' అని అడిగితే చాలు.

ఇక ఇంట్లో చెప్పడం. చెప్పాలనే నా అభిప్రాయం, అయితే అతను సరేనన్నాకే. రహస్యం ఇద్దరిదీ కదా. తన పరిస్థితి ఎవరెవరికి చెప్పవచ్చో, పూర్తి తెలివిలో ఉండి మాట్లాడగలిగితే, డాక్టరుకు అతనే చెప్పుకోవచ్చు. మీ పేరూ చేర్చమనండి. కబురు మొదట అక్కకే వెళ్లాలి. అమ్మానాన్నల ముందు కాదు, మంచం పక్కన అసలే కాదు. వరండాలో, ఆమె ఒక్కరే ఉన్నప్పుడు: 'అక్కా, మేమిద్దరం 3 ఏళ్లుగా ఇష్టపడుతున్నాం. ఇప్పుడు మిమ్మల్ని ఏ నిర్ణయమూ అడగను. రోజుకోసారి ఎలా ఉన్నాడో ఒక్క మెసేజ్ పెట్టండి, చాలు.' అంతే, పెళ్లి మాట ఎత్తకండి. ఇంకో సంగతి: ప్రమాదం జరిగిన రోజు నుంచీ అతని ఫోన్ ఎవరి చేతిలో ఉంది? మీరు పెట్టిన మెసేజ్‌లు తెర మీద కనిపించే ఉంటాయేమో. గుమ్మం దగ్గర ఆపేస్తున్నది తెలియక కాదు, తెలిసే కావచ్చు.

టోర్నీ మానుకోకండి. మీరు మానితే మీ భాగస్వామికీ ఆట పోతుంది, 'నా వల్లే' అన్న భారం మంచం మీదున్న అతని నెత్తిన పడుతుంది. కానీ 3 గంటల నిద్రతో కోర్టులోకి దిగకండి. నిద్ర లేని శరీరం స్పందన మందగిస్తుంది, చీలమండలు మడతపడేది అప్పుడే. కోచ్‌తో 'దగ్గరివాళ్లకు ప్రమాదం జరిగింది, ఈ వారం సాధన తగ్గించండి' అనండి. పేరు అక్కర్లేదు. అతని ఎక్స్‌రే, స్కాన్ వివరాలు మాత్రం మీ క్లబ్బులో ఒక్కరికీ చెప్పకండి. ప్రత్యర్థి జట్టు గాయం సమాచారం పందెం రాయుళ్లకు చేరితే, చేరవేసిన ఆటగాళ్ల మీద చర్య తీసుకునే నిబంధనలున్నాయి.

అక్కకు మీరొక పని చేసిపెట్టగలరు, అది ఆటగాళ్లకే తెలిసిన పని. ఆసుపత్రిలో ఇచ్చే మార్ఫిన్, ట్రమడాల్, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు డోపింగ్ నిబంధనల ప్రకారం పోటీ వేళ నిషిద్ధం. ట్రమడాల్ 2024 జనవరి 1 నుంచి ఆ నిషిద్ధ మందుల జాబితాలో చేరింది. అత్యవసర చికిత్సలో ఇచ్చినవాటికి తర్వాతైనా మినహాయింపు అడగవచ్చు గానీ, మందు పేరు, మోతాదు, తేదీలున్న డిశ్చార్జ్ సమ్మరీ, ఆపరేషన్ నోట్ కావాలి. ఎప్పుడైనా డోపింగ్ పరీక్ష చేసేందుకు ఆచూకీ ఇవ్వాల్సిన ఆటగాళ్ల రిజిస్టర్డ్ జాబితాలో అతను ఉంటే, ఎక్కడున్నాడో తెలిపే చిరునామా కూడా ఆసుపత్రికి మార్చాలి. ఆచూకీ సరిగా ఇవ్వకపోవడం, పరీక్షకు దొరకకపోవడం లాంటివి 12 నెలల్లో 3 అయితే నిషేధం దాకా వెళ్తుంది. ఆ వివరాలు నమోదు చేసే ఖాతా పాస్‌వర్డ్ మీకు తెలిసినా, చిరునామా మీరు మార్చకండి. ఏమేం అడగాలో కాగితం మీద రాసి అక్క చేతిలో పెట్టండి. ఆ కాగితం కిందే ఇంకో రెండు లైన్లు రాయండి: తలనొప్పి పెరుగుతున్నా, పదేపదే వాంతులవుతున్నా, లేపినా లేవకపోయినా, పిక్క వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా వెంటనే నర్సును పిలవండి.