ఫోనే చదివిపెడుతుంటే ఇంక బ్రెయిలీ ఎందుకు?

ఎనిమిదేళ్ల పిల్లోడికి చూపు లేదు, పాఠాలన్నీ ఫోనే వినిపిస్తోంది, బ్రెయిలీతో పనేముందని చిత్తూరు నుంచి ఒకక్క అడిగింది. పనుందక్కా. ఫోను 'కాణిపాకం' అంటుంది, చెవికి 'కానిపాకం' అని పడుతుంది. రేపు పిల్లోడూ అలాగే రాస్తాడు. బ్రెయిలీ అంటే వేలితో తడిమి చదివే ఉబ్బెత్తు చుక్కల రాత, ఆరు చుక్కల్లో ఏవి ఉబ్బితే ఆ అక్షరం. అందులో న అంటే 1, 3, 4, 5 చుక్కలు, ణ అంటే 3, 4, 5, 6. వేలు మోసపోదు. అంకెల ముందు పెట్టే గుర్తూ ఈ 3, 4, 5, 6 చుక్కలే, కానీ మాటేదీ ణతో మొదలవదు గనక తంటా లేదు. విన్నంత మాత్రాన చదువొచ్చినట్టు కాదు, నన్నడిగితే అంతే.

ముందే బ్రెయిలీ పలక (చుక్కలు పొడవడానికి గళ్లున్న చట్రం) కొనొద్దు. ఇంట్లో వామనగుంటల పీట ఉంటే నిలువుగా పెట్టి, పై మూడు వరసల ఆరు గుంటలే వాడండి. ఎడమ పక్క పైనుంచి 1, 2, 3, కుడి పక్క 4, 5, 6. చింతగింజలేసి తడిమించండి. వత్తు దగ్గరే అందరూ తప్పేది: వత్తుకు గుర్తైన 4వ చుక్క రెండు హల్లుల మధ్య కాదు, వాటికి ముందే రావాలి. అమ్మ అంటే అ, 4వ చుక్క, మ, మ.

తర్వాత పలక, చుక్కలు పొడిచే స్టైలస్. కాగితం మందంగా, 140 జీఎస్‌ఎం ఉండాలి, నోటుబుక్కు కాగితం చిరిగిపోతుంది. కుడినుంచి ఎడమకు పొడవాలి, అప్పుడు 1, 2, 3 కుడి పక్కకొస్తాయి. కాగితం తిప్పితే చుక్కలు ఉబ్బెత్తుగా, సరైన వరసలో ఉంటాయి. ఎడమనుంచి పొడిచారో, తిప్పినప్పుడు చుక్కలు అటూ ఇటూ అయి, ఇ కాస్తా ఏ అయి కూర్చుంటుంది. స్టైలస్ నిటారుగా పట్టాలి, వాలిస్తే చుక్క చినుగుతుంది. చదివేటప్పుడు వేలు తేలిగ్గా ఎడమనుంచి కుడికి జారాలి. అదిమి పైకీ కిందకీ రుద్దే అలవాటు పడితే వేగం రాదు.

ఆ స్టైలస్ చూడ్డానికి చెప్పులు కుట్టే ఆర లాగే ఉంటుంది. ఫ్రాన్సులో 1809లో పుట్టిన లూయీ బ్రెయిలీకి మూడేళ్లప్పుడు, గుర్రపు జీన్లు కుట్టే నాయన కొట్టులో కంట్లో గుచ్చుకున్నది అలాంటి ఆరే. తడిమి చదివేందుకని బార్బియే అనే సైన్యాధికారి చేసిన పన్నెండు చుక్కల రాత వేలి కొసకింద ఇమడలేదు. పదిహేనేళ్ల లూయీ 1824లో దాన్ని ఆరుకు కుదించాడు. మన భాషలన్నిటికీ ఒకే పద్ధతిగా భారతి బ్రెయిలీ 1951లో కుదిరింది.

కొన్ని చోట్ల లిఫ్టు బటన్ల పక్కన బ్రెయిలీ అని నున్నటి స్టిక్కరు అంటిస్తారు. తడిమితే ఏముంది, గాజుపలకే! బొమ్మగా అచ్చేస్తే బ్రెయిలీ కాదయ్యా, చుక్క వేలికి తగలాలి.

రాసిన కాగితాలు ఒకదాని మీదొకటి పేర్చొద్దు. చుక్కలు అణిగిపోతాయి, నిలబెట్టి ఉంచండి.